ఓవెన్ వేడెక్కడం లేదా? ముందు ప్లగ్గు చూడండి

పోయిన దసరా సెలవుల్లో మా ఇంటి ఓవెన్ ఉన్నట్టుండి మొరాయించింది. మనవలు వచ్చారు కదా అని చోడిపిండి (రాగిపిండి) బిస్కెట్లకు పిండి కలిపి, మీద తలా ఒక పలాస జీడిపప్పు బద్ద అద్ది, ట్రేలో వరసగా పేర్చి పెట్టుకున్నాను. నాబ్ తిప్పితే ఉలుకూ లేదు పలుకూ లేదు. డిస్‌ప్లే మీద సున్నాలు మాత్రం ఆరుతూ వెలుగుతున్నాయి.

శ్రీకాకుళంలో ఫ్రిజ్జు, గీజరు, మిక్సీ బాగుచేసేవాళ్లకు కొదవ లేదు. వంటింటి గోడలో బిగించిన ఓవెన్ అనగానే మాత్రం "అది మా వల్ల కాదు మేడమ్, వైజాగ్ నుంచి రావాల" అంటారు. వైజాగ్ కుర్రాడు నాలుగో రోజున వచ్చాడు. భుజం మీది బ్యాగు దించకుండానే డిస్‌ప్లే వంక చూసి, "మధ్యలో కరెంటు పోయిందామ్మా?" అన్నాడు.

"మొన్న వానకి రాత్రంతా లేదు బాబూ."

రెండు బటన్లు కలిపి నొక్కాడు. టైము సెట్ చేశాడు. నాబ్ తిప్పాడు. బుర్రుమని ఫ్యాన్ తిరిగింది. అంతే! వచ్చినందుకు ఛార్జీ తీసుకుని, నేనిచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయాడు. పాతికేళ్లు హైస్కూల్లో పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పినదాన్ని, ఓవెన్‌తో వచ్చిన పుస్తకాన్ని ఆ సాయంత్రమే మొదటిసారి కవరు చింపి చదివాను.

అప్పటి నుంచి చుట్టాల ఇళ్లలో ఓవెన్ పాడైతే ఫోన్ నాకే వస్తుంది. నేను చూసినంతలో ఓవెన్ తప్పు తక్కువ. ప్లగ్గు, వైరు, వోల్టేజీ, చెమ్మ, వడ్రంగి, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. అందుకే బయటి నుంచి లోపలికి వెతకమంటాను. ఇక్కడ రాసిన వరస కూడా అదే.

మొదలుపెట్టే ముందు

మీ ఓవెన్‌కు కరెంటు ఎక్కడ ఆపాలో ఇంట్లో అందరికీ తెలియాలి. గోడ ఓవెన్ ప్లగ్గు చాలా ఇళ్లలో చెక్క అరల వెనక ఉండిపోతుంది, చెయ్యి పట్టదు. అప్పుడు మీటరు పక్కన డబ్బాలో దాని ఎం.సి.బి. (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే మీట) ఏదో కనిపెట్టి, దాని మీద "ఓవెన్" అని చీటీ అంటించండి. తుడిచినా, బల్బు మార్చినా, స్క్రూ విప్పినా ముందు ఆ ఎం.సి.బి. కిందికి దించాలి. నాబ్‌ను సున్నాకు తిప్పితే చాలదు, లోపల కరెంటు ఉంటూనే ఉంటుంది.

మైక్రోవేవ్ కూడా కలిసి ఉన్న ఓవెన్ అయితే దాని పైకప్పు మీరు ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా అందులోని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుంది. మామూలు ఎలక్ట్రీషియన్ చేత కూడా విప్పించకండి. ఇక్కడ చెప్పేదంతా కాయిళ్లతో వేడెక్కే మామూలు ఎలక్ట్రిక్ ఓవెన్ సంగతే.

ఇంకొకటి, ఓవెన్ తలుపు తెరిస్తే పక్క అంచు మీద చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. మోడల్ నంబరు, ఎన్ని వాట్లు అన్నవి దాని మీదే ఉంటాయి. ఇప్పుడే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. విడిభాగం కావాలని వైజాగ్ షాపుకు ఫోన్ చేస్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

డిస్‌ప్లే వెలుగుతోంది, వేడి లేదు

చాలా ఓవెన్లు టైము సెట్ చేయనిదే వేడెక్కవు. కరెంటు పోయి వస్తే గడియారం సున్నాకు వెళ్తుంది. "ఎప్పుడు మొదలుపెట్టాలో నాకు తెలియదు" అన్నట్టు ఓవెన్ ఊరుకుంటుంది. గడియారం గుర్తున్న బటన్ గానీ, ప్లస్ మైనస్ బటన్లు రెండూ కలిపి గానీ రెండు మూడు సెకన్లు నొక్కిపట్టి టైము పెట్టండి. కొన్నిటిలో చెయ్యి బొమ్మో, గిన్నె బొమ్మో ఉన్న బటన్ నొక్కితే తప్ప టైమర్ నుంచి మామూలు పద్ధతికి రాదు. తాళం బొమ్మ వెలుగుతుంటే పిల్లల లాక్ పడిందన్నమాట, ఆ బటన్‌ను కాసేపు నొక్కిపడితే పోతుంది.

అన్నీ వెలుగుతూ, ఫ్యాన్ కూడా తిరుగుతూ, గంటైనా లోపల చల్లగానే ఉందంటే డెమో మోడ్‌లో ఉందేమో చూడండి. షాపులో బొమ్మలా చూపించడానికి పెట్టే పద్ధతి అది. కొత్తగా బిగించిన ఓవెన్లలో ఒకోసారి అలాగే వదిలేస్తారు.

ప్లగ్గు, వైరు

విజయనగరం కంటోన్మెంట్ వైపు మా చెల్లెలు ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం ఫోను.

"అక్కా, ఓవెన్ పెడితే కాలిన వాసనొస్తోంది. లోపల చూస్తే ఏమీ మాడలేదు."

"ఏ వాసనే? కేకు మాడిన వాసనా, ప్లాస్టిక్ వాసనా?"

"చేపల వాసన లాగుంది. ఈ రోజు చేపలు వండనే లేదు."

వెంటనే ఎం.సి.బి. దించేయమన్నాను. స్విచ్చులు, ప్లగ్గుల ప్లాస్టిక్ వేడెక్కితే ఒకోసారి అచ్చం చేపల వాసనే వస్తుంది. మర్నాడు వెళ్లి, కింది అర లాగి, టార్చి వేసి చూశాం. ప్లగ్గులో న్యూట్రల్ పిన్ను ఇత్తడి రంగు పోయి గోధుమ రంగుకు తిరిగింది. సాకెట్ కన్నం చుట్టూ తెల్ల ప్లాస్టిక్ పొంగి, అప్పడంలా బుడిపెలు కట్టింది. పిన్ను కదిపితే సాకెట్‌లో వదులుగా ఆడుతోంది. అక్కడ నిప్పు రవ్వలు రేగుతూ ఉంటే, ఓవెన్ మీద అనుమానంతో మా చెల్లెలు వారం నుంచి లోపలంతా తోముతోంది.

లెక్క చూడండి. గోడ ఓవెన్లు ఎక్కువగా 2000 నుంచి 3500 వాట్ల దాకా ఉంటాయి. 3000 వాట్ల ఓవెన్‌ను 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు. మిక్సీ లాగా రెండు నిమిషాలు కాదు, గంట సేపు ఆగకుండా ఆ కరెంటు పారుతుంది. కాబట్టి ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- పెద్ద పిన్నుల ప్లగ్గు, 16 ఆంపియర్ల సాకెట్. అంతకంటే పెద్ద ఓవెన్ అయితే ప్లగ్గు లేకుండా నేరుగా ఐసొలేటర్ స్విచ్చుకు (కరెంటును పూర్తిగా తెంచే పెద్ద స్విచ్చు) కలిపించాలి.
- మీటరు బోర్డు నుంచి ఓవెన్ కోసమే విడిగా వచ్చిన రాగి వైరు, 4 చదరపు మిల్లీమీటర్లది. లైట్లకు వేసే సన్న వైరు నుంచి లైన్ తీస్తే అది గోడలోనే వేడెక్కుతుంది.
- దానికి సొంత ఎం.సి.బి. గీజరుతో ఉమ్మడిగా ఉండకూడదు.
- మూడో పిన్నుకు నిజంగా పనిచేసే ఎర్తింగ్.

ఎక్స్‌టెన్షన్ బాక్సు, మూడు పిన్నుల్ని రెండు చేసే అడాప్టరు, వీటి జోలికి పోవద్దు. ఇన్వర్టర్ లైన్ మీద కూడా పెట్టకండి, మన ఇళ్లలో ఉండే ఇన్వర్టర్లు ఈ బరువు మోయలేవు.

పరీక్ష తేలిక. ఓవెన్‌ను 180 డిగ్రీల మీద అరగంట నడిపి, ఆపి, ఎం.సి.బి. దించి, ప్లగ్గును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్టూ ప్లగ్గూ రెండూ మార్పించండి. ఒకటి మార్చి ఒకటి ఉంచితే కాలిన పిన్ను కొత్త సాకెట్‌ను కూడా కాలుస్తుంది. చెల్లెలి ఇంట్లో రెండూ మార్చాం. ఓవెన్‌కు ఏ జబ్బూ లేదు.

ఎర్తింగ్ సంగతి. ఓవెన్ తలుపు పిడి తాకితే జిల్లుమంటోందా? ఇనుప భాగం మీద టెస్టర్ పెడితే వెలుగుతోందా? వాడటం అక్కడే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఉప్పు, బొగ్గు వేసి పాతిన పాత ఎర్త్ గుంత ఉంటే వేసవిలో అప్పుడప్పుడూ బకెట్ నీళ్లు పోయండి. నేల ఎండిపోతే ఎర్త్ పేరుకే ఉంటుంది.

గంటైనా కేకు పొంగదు

"ఇదివరకు నలభై నిమిషాల్లో అయ్యే కేకు ఇప్పుడు గంటైనా కావట్లేదు" అని ఎవరన్నా అంటే నేను అడిగేది "సాయంత్రం పూట చేశారా?" అని. పగలు బాగా కాలి, సాయంత్రం ఆరు తర్వాత నీరసపడితే అది లో వోల్టేజీ. వేసవిలో వీధి వీధంతా ఏసీలు వేసే వేళ ఇది మరీ ఎక్కువ.

కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో, అంటే వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చే అంకెతో తగ్గుతుంది. 230 వోల్టులు 190కి పడితే, చూడటానికి ఆరో వంతే తగ్గినట్టు ఉంటుంది. వేడి మాత్రం మూడో వంతు పోతుంది. 3000 వాట్ల ఓవెన్ కాస్తా 2050 వాట్ల ఓవెన్ అయిపోతుంది. మామూలుగా 180 డిగ్రీలకు చేరడానికి 10 నుంచి 15 నిమిషాలు పడితే, అప్పుడు దానికి ఒకటిన్నర రెట్లు, ఇంకా ఎక్కువే పడుతుంది. తలుపు సందుల్లోంచి పోయే వేడి పోతూనే ఉంటుంది కదా.

ఒక డిజిటల్ మల్టీమీటర్ కొని పెట్టుకోండి. ఏ.సి. వోల్టుల మీద పెట్టి, ఓవెన్ నడుస్తుండగా, అదే గదిలోని మరో సాకెట్‌లో చూడండి. ఓవెన్ ఆపినప్పుడు 225 ఉండి, పెట్టగానే 200కి పడిపోతే మీ ఇంటి వైరింగులోనో, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు దగ్గరో వదులు ఉందని అర్థం. ఓవెన్ ఆపినా 190 దాటకపోతే వీధి మొత్తానికీ ఉన్న సమస్య, 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించుకోండి. ఫ్రిజ్జుకు వాడే చిన్న స్టెబిలైజర్‌ను ఓవెన్‌కు తగిలించకండి, అదే ముందు కాలిపోతుంది. పెట్టాలంటే 5 కేవీఏ స్థాయిది కావాలి. ఓవెన్ కోసమే అంత ఖర్చు దండగ అంటాను నేను. మధ్యాహ్నం బేక్ చేసుకుంటే సరిపోయే.

ట్రిప్ అయితే, ఏది ట్రిప్ అయిందో చూడండి

"ఓవెన్ పెడితే కరెంటు కొట్టేస్తోంది" అన్న మాట వెనక మూడు వేర్వేరు జబ్బులున్నాయి. డబ్బా తెరిచి చూస్తే పడిపోయిన మీట ఏదో తెలుస్తుంది. సన్నగా ఉండేది ఎం.సి.బి., ఎక్కువ కరెంటు పారితే పడుతుంది. కాస్త వెడల్పుగా, "టి" అని చిన్న బటన్ ఉండేది ఆర్.సి.సి.బి., కరెంటు దారి తప్పి ఇనుములోకో నేలలోకో కారితే పడుతుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లు కారితే చాలు, పడిపోతుంది. మనిషి ప్రాణానికి అదే కాపలా. ఆ "టి" బటన్ నెలకోసారి నొక్కి, పడుతుందో లేదో చూడటం మంచిది.

స్విచ్ వేసిన క్షణమే ఎం.సి.బి. టప్పున పడితే ఎక్కడో రెండు వైర్లు కలిశాయి. మళ్లీ మళ్లీ ఎత్తి చూడకండి. అరగంట బాగా నడిచి పడితే, ఆ లైన్ మీద ఇంకేం నడుస్తున్నాయో చూడండి. ఏమీ లేకపోతే ఎం.సి.బి. దగ్గరి స్క్రూ వదులై వేడెక్కుతోంది, దాన్ని ఎలక్ట్రీషియన్ బిగిస్తాడు. "తరచూ పడుతోందమ్మా, 32 ఆంపియర్లది వేసేస్తాను" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఎం.సి.బి. పడటం మానేస్తుంది, గోడలోని వైరు కాలడం మొదలెడుతుంది.

మన వైపు ఎక్కువగా చూసేది మూడో జబ్బు, ఆర్.సి.సి.బి. పడటం. వానాకాలం మూడు నెలలు ఓవెన్ ముట్టుకోరు. అక్టోబరులోనో క్రిస్మస్ ముందో పెడతారు. ఐదు నిమిషాలకు ఇల్లంతా చీకటి. కారణం ఇది. ఓవెన్ కాయిల్ అంటే పైకి కనిపించే నల్ల గొట్టం కాదు. ఆ గొట్టం మధ్యలో సన్న తీగ ఉంటుంది. తీగకూ గొట్టానికీ మధ్య తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. కానీ దానికి చెమ్మ పీల్చే గుణం ఉంది. కొసల దగ్గరి సీలులోంచి తేమ లోపలికి వెళితే, పొడి తడిసి కరెంటు గొట్టంలోకి కారుతుంది. కళింగపట్నంలో మా మరిది ఇంట్లో సముద్రపు గాలికి ఓవెన్ స్క్రూలు కూడా తుప్పు పట్టాయి, ఇక ఈ పొడి ఎంత?

అలాంటప్పుడు ఎర్తింగ్ సరిగా ఉందని రూఢి చేసుకుని, ఒక్కో మోడ్ విడివిడిగా పెట్టి చూడండి. పైన గ్రిల్ పెడితే పడకుండా, కింది కాయిల్ పెడితే పడుతుందనుకోండి, జబ్బు కింది కాయిల్‌దే. పడని మోడ్‌లో 100 డిగ్రీల దగ్గర అరగంట, గంట నడపండి. ఆ వేడికి మిగతా కాయిల్ కూడా ఆరి, చాలాసార్లు మామూలైపోతుంది. రెండు రోజులు ప్రయత్నించినా పడుతుంటే కాయిల్ మార్చాల్సిందే. ఆర్.సి.సి.బి. తీసేసి నేరుగా కలపడం, ఎర్త్ వైరు కత్తిరించడం, ఈ రెండూ ఎవరు సలహా ఇచ్చినా చేయకండి. అప్పుడు కరెంటు కారడం ఆగదు, మనకు తెలియడం ఆగుతుంది.

అసలు రాకుండా ఉండాలంటే, వానాకాలంలో పదిహేను రోజులకోసారి ఖాళీ ఓవెన్‌ను 150 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు నడపండి. నేను ఆ రోజున జీడిపప్పు వేయిస్తాను. కరెంటు దండగ కాలేదన్న తృప్తి.

ఒక వైపు మాడి, ఒక వైపు పచ్చి

ఏ కాయిల్ పోయిందో తెలుసుకోవడానికి బ్రెడ్ ముక్కలు చాలు. 180 డిగ్రీలకు వేడి చేసి, మధ్య అర మీద జాలీ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి, పది నిమిషాల తర్వాత తీసి తిప్పి చూడండి. పైన ఎర్రగా, అడుగు తెల్లగా ఉంటే కింది కాయిల్ పనిచేయడం లేదు. వెనక వరసలో మాత్రమే మాడితే ఫ్యాన్ గాలి సరిగా పంచడం లేదు. ఒక మూల మాత్రమే తెల్లగా ఉంటే ఆ మూల తలుపు రబ్బరు చూడండి. అన్నీ కొద్దిగా తేడాతో ఎర్రబడితే ఓవెన్ బాగానే ఉంది. ట్రేను సగం కాలాక తిప్పిపెడితే చాలు.

కాయిల్‌ను కొలవాలంటే వెనక రేకు విప్పాలి కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, కానీ లెక్క మీరు చేయండి. 230ని 230తో గుణిస్తే 52900. దాన్ని కాయిల్ వాట్లతో భాగిస్తే ఎన్ని ఓములు (తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) రావాలో తెలుస్తుంది. 2000 వాట్ల కాయిల్‌కు సుమారు 26, 1100 వాట్లదానికి సుమారు 48. కరెంటు పూర్తిగా ఆపి, కాయిల్ నుంచి ఒక వైరు ఊడదీసి మీటరు పెట్టాలి. లెక్కకు దగ్గరగా వస్తే కాయిల్ మంచిదే. మీటరు ఏ అంకే చూపించకపోతే తీగ తెగింది. కాయిల్‌కూ దాని గొట్టానికీ మధ్య మీటరు ఏదైనా ఓముల అంకె చూపిస్తే కరెంటు కారుతోంది. ఏమీ చూపనంత మాత్రాన కారడం లేదని తీర్మానించలేం, దానికి మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి కారడాన్ని పట్టే మీటరు) కావాలి.

ఎందుకింత చెబుతున్నానంటే, తెలియనివాళ్ల నోట మొదట వచ్చే మాట "బోర్డు పోయిందమ్మా." ఓవెన్‌లో ఖరీదైన భాగాల్లో బోర్డు ఒకటి. కాయిల్ కొలిచి, అంకె చూపించమనండి. చూపించాకే బోర్డు మాట.

రెండు వైపులా సమానంగానే కాలుతూ, మొత్తం మీద వేడి ఎక్కువో తక్కువో అనిపిస్తే ఓవెన్ థర్మామీటర్ ఒకటి మధ్య అరలో పెట్టండి. 180 మీద పెట్టి, అరగంట ఆగి, పది నిమిషాలకోసారి నాలుగు సార్లు అంకె రాసుకుని సగటు తీయండి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి. కాయిల్ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కనుక పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఊగడం సహజం. సగటు 160 వస్తే, ఇక నుంచి 200 మీద పెట్టుకోండి. కొన్నిటిలో ఈ తేడాను సరిచేసే అమరిక మెనూలోనే ఉంటుంది.

ఆపినా తిరిగే ఫ్యాన్

ఆపేశాక పావుగంట, ఒకోసారి అరగంట దాకా పైన ఒక ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అది జబ్బు కాదు, బోర్డును చల్లబరుస్తోంది. ప్లగ్గు పరీక్షకు ఒక్కసారి తప్పదు గానీ, "కరెంటు దండగ" అని రోజూ మెయిన్ కట్టేయకండి, అలా కట్టి కట్టి బోర్డులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. అసలు తిరగకపోతే మాత్రం జబ్బే. బటన్లు పలకవు, నాబ్‌లు చేతికి చురుక్కుమంటాయి, కాసేపటికి ఓవెన్ దానంతటదే ఆగిపోతుంది.

ఫ్యాన్ బాగున్నా ఇలా జరుగుతుంటే అర వెనక గాలి దారి చూడండి. ఓవెన్ పుస్తకంలో అర వెనక ఎంత ఖాళీ వదలాలో బొమ్మ వేసి ఉంటుంది. వడ్రంగికి ఆ పుస్తకం ఎవరూ చూపించరు. "బొద్దింకలు రాకుండా అంతా మూసేశానండి" అని ముచ్చటగా ప్లైవుడ్ కొట్టేస్తాడు. మా ఇంట్లో అలాగే కొట్టాడు. కోయించి, సన్న జల్లెడ వల అంటించాను. గాలి ఆడుతుంది, బల్లి దూరదు. బల్లి అంటే నవ్వకండి, బోర్డు మీద పడి రెండు కొసలూ కలిపితే బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది.

తుడవడం

పూర్తిగా చల్లారాక, ఎం.సి.బి. దించాక. వేడి అద్దం మీద తడి గుడ్డ వేస్తే పగలొచ్చు.

లోపలి గోడలకు వంటసోడాలో కొద్దిగా నీళ్లు కలిపి, దోసెల పిండి కంటే కాస్త గట్టిగా చేసి పూయండి. కాయిళ్లకూ, ఫ్యాన్ కన్నాలకూ తగలనివ్వకండి. రాత్రంతా ఉంచి, పొద్దున తడి గుడ్డతో రెండు మూడు సార్లు తుడవండి. బెల్లం పాకం కారి రాయిలా గట్టిపడితే గోకకండి. తడి గుడ్డ దాని మీద గంట సేపు వేసి ఉంచితే మెత్తబడుతుంది. స్టీలు పీచు, కత్తి, బాత్రూమ్ యాసిడ్, ఇవేవీ వద్దు. అద్దం మీద పీచు గీతలు పడితే వేడికి అక్కడి నుంచే పగులుతుంది. లోపల బూడిద రంగులో గరుకుగా ఉండే పలకలుంటే వాటికి సోడా, సబ్బు ఏవీ తగలకూడదు. ఖాళీ ఓవెన్‌ను 200 పైన గంట నడిపితే వాటి మీది జిడ్డు అదే కాలిపోతుంది.

అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిస్తే శుభ్రంగా ఉంటుందని చాలామంది పరుస్తారు. చాలా ఓవెన్లలో కింది కాయిల్ ఆ అడుగు కిందే ఉంటుంది. ఫాయిల్ వేడిని అక్కడే బంధించి లోపలి ఎనామిల్ పూతను చెడగొడుతుంది. కారేవి చేసేటప్పుడు కింది అరలో ఖాళీ ట్రే పెట్టుకోండి.

ఆవిరితో వండే రకమైతే బోరు నీళ్లు పోయకండి, ఫిల్టరు నీళ్లు పోయండి. తెల్ల పొర కడితే, పుస్తకం ఒప్పుకుంటే నిమ్మఉప్పు నీళ్లతో తీయొచ్చు.

తలుపు రబ్బరుకు కాగితం పరీక్ష ఉంది. పాత క్యాలెండర్ కాగితం ముక్క తలుపులో సగం పెట్టి మూసి, లాగండి. బిగువుగా వస్తే మంచిది, జారిపోతే అక్కడ వేడి కారుతోంది. చుట్టూ పది చోట్ల చూడండి. జిడ్డు పట్టి ఉంటే సబ్బు నీళ్ల గుడ్డతో తుడిస్తే మళ్లీ పట్టవచ్చు. చిరిగితే మార్చడమే. చాలావాటికి మూలల్లో కొక్కేలుంటాయి, చేత్తో లాగితే వస్తుంది, కొత్తది అలాగే తగిలించవచ్చు. గమ్ముతో అతికించకండి. తెరిచిన తలుపు మీద బరువైన గిన్నెలు దించినా, పిల్లలు ఊగినా కీళ్లు వంగుతాయి. అప్పుడు కొత్త రబ్బరు వేసినా ఫలితం లేదు.

లోపలి బల్బు పోతే గాజు మూతను ఎడమవైపు తిప్పి తీసి, 300 డిగ్రీల వేడి తట్టే ఓవెన్ బల్బే వేయండి. జీరో బల్బు, ఎల్.ఈ.డి. వేస్తే మొదటి కేకుకే కరిగిపోతాయి.

తుపాను వేళ

2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాల్ని కూడా పడుకోబెట్టింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. గాలివాన కబురు వినగానే మనం కొవ్వొత్తులూ బియ్యం చూసుకుంటాం. ఆ జాబితాలో ఓవెన్ ఎం.సి.బి. దించడం కూడా చేర్చండి. ప్లగ్గు అందితే పీకేయండి.

అసలు ప్రమాదం కరెంటు తిరిగి వచ్చినప్పుడు. ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగి ఉంటే 230 రావాల్సిన చోటికి 300, 350 కూడా వస్తాయి. లైట్లు ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగినా, ఫ్యాన్ మరీ జోరుగా తిరిగినా మెయిన్ ఆపేసి 1912కు చెప్పండి. ఇంట్లోకి నీళ్లొచ్చి ఓవెన్ కింది భాగం తడిసి ఉంటే, పైకి ఎంత ఎండినట్టు కనిపించినా పరీక్ష చేయించకుండా స్విచ్ వేయకండి.

లైట్లు మామూలుగా ఉంటే పావుగంట ఆగండి. మీటరు పెట్టి 210కీ 240కీ మధ్య ఉందని చూసుకుని అప్పుడు ఎం.సి.బి. ఎత్తండి. డిస్‌ప్లే మీద సున్నాలు ఆరుతూ వెలుగుతుంటాయి. వైజాగ్‌కు ఫోన్ చేయకండి, టైము సెట్ చేయండి.